ఊరి ఎలిమెంటరీ స్కూల్లో 17 మందే మిగిలారు, పాపని అక్కడ వేయొచ్చా?

పసుపు_యార్డు
మాది దుగ్గిరాల పక్కన చిన్న ఊరు. పేరు చెప్పను, చెబితే రేపు పొద్దున టీ కొట్టు దగ్గర నన్నే నిలబెడతారు. ఎంపీపీ (మండల పరిషత్ ప్రైమరీ) స్కూల్లో ఒకటి నుంచి ఐదు దాకా అంతా కలిపి 17 మంది. టీచరమ్మ ఒక్కతే. నేను చదివిన రోజుల్లో ఒక్క మూడో తరగతికే అంతకంటే ఎక్కువ మందిమి, చోటు చాలక వరండాలో కూర్చునేవాళ్లం. ఇప్పుడు రంగులేశారు, టైల్సేశారు, ఫ్యాన్లు పెట్టారు. పిల్లలే లేరు.

మా పాప అంగన్‌వాడీ అయిపోయింది. జూన్ 12న బడి తెరిస్తే ఒకటో తరగతి. నాకు ఊరి బళ్లోనే వేయాలని ఉంది. ఇంట్లో మా అమ్మ, మా ఆవిడ ఒకే మాట మీదున్నారు (పెళ్లయ్యాక ఇదే మొదటిసారి): "ఊళ్లో వాళ్లంతా పిచ్చోళ్లా?" అని. పొద్దున్నే మూడు ప్రైవేటు బస్సులొచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతాయి.

చదువు బాగోక పిల్లలు తగ్గారా, పిల్లలు తగ్గబట్టి చదువు బాగోదని అనుకుంటన్నామా? ఇట్టాంటి బడిలో వేసినవాళ్లు ఉంటే చెప్పండి. సలహా ఇచ్చేవాళ్లు సొంత పిల్లల్ని ఎక్కడ వేశారో కూడా రాయండి.

బెజవాడ_బస్టాండు
17 మందికి ఒక టీచరంటే ఇంటర్నేషనల్ స్కూల్ లెక్క అన్నా. ఆ ముక్క ఫ్లెక్సీ మీద కొట్టించి గేటుకి కడితే లక్ష కట్టి చేరతారు.

కాలవగట్టు
జోకు బానే ఉంది గానీ ఆ 17 మందీ ఐదు క్లాసులు. ఒకటో క్లాసు వాడికి అక్షరాలు దిద్దిస్తంటే అదే గదిలో ఐదో క్లాసు వాడు భిన్నాలు చేసుకోవాలి. మా బాబుని ఒక ఏడాది ఉంచి తీసేశా. టీచర్ మంచావిడే, వంక పెట్టను. ఆవిడ మీటింగుకి పోతే ఆ రోజు బడి లేనట్టే. ప్రైవేటులో వేస్తే ఒకటి చదివినోడిని మళ్లీ యూకేజీలో కూర్చోబెట్టారు. ఫీజు 24 వేలు, ఆటో నెలకి 800. అయినా సాయంత్రం హోంవర్కు రాస్తాడు, మేం చూస్తాం, ఏదో జరుగుతందని తెలుస్తంది.

నిమ్మతోట_తెనాలి
"ఏదో జరుగుతందని తెలుస్తంది". ఇదీ అసలు సంగతి. 24 వేలు దానికే.

ఒంటరి_ఎస్జీటీ
కాలవగట్టు గారు చెప్పింది నిజం. నేను అలాంటి బడిలోనే పనిచేస్తున్నా, కృష్ణా జిల్లా వైపు. నా బడిలో 14 మంది.

ఐదు తరగతులు ఒక్కరే చెప్పడం కష్టమే, కానీ చేయొచ్చు. ఒకటీ రెండూ ఒక గుంపు, మూడూ నాలుగూ ఐదూ ఇంకో గుంపు. కథ అందరికీ ఒకటే చెప్తా. చిన్నవాళ్లు బొమ్మ వేస్తారు, పెద్దవాళ్లు సొంత మాటల్లో రాస్తారు. చేయలేనిది మిగతా పని. హాజరు ఫోన్లో, భోజనం లెక్క ఫోన్లో, గుడ్లు ఎన్నొచ్చాయో ఫోన్లో, బాత్రూమ్ ఫొటో, కిట్లు ఇచ్చేటప్పుడు తల్లి వేలిముద్ర, ఆపైన ఓటర్ల లిస్టు డ్యూటీ. సిగ్నల్ కోసం బడి వెనక వేపచెట్టు కిందకి పోవాలి. నేను అక్కడున్నంతసేపూ లోపల క్లాసు లేదు. సెలవు పెడితే చుట్టుపక్కల బళ్లు చూసుకునే సీఆర్పీ వచ్చి కూర్చోవాలి. ఆయనకి కుదరకపోతే పక్క ఊరి బడి నుంచి సర్దుబాటు, అప్పుడు ఆ బడికి టీచర్ తక్కువ.

పసుపు_యార్డు గారు, మీ ప్రశ్నకి నేను చూసింది చెప్తా. పిల్లలు ఒకటో తరగతిలో పోవట్లేదు, మూడేళ్ల వయసులోనే పోతున్నారు. ప్రైవేటు వాళ్లు నర్సరీకి తీసుకుంటారు. మా దగ్గరికి ఐదేళ్లు నిండాకే రావాలి. అప్పటికే రెండేళ్లు టై కట్టుకుని బస్సెక్కిన పిల్లని ఊరి బడికి పంపమంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? అంగన్‌వాడీని బడి ఆవరణలోకే తెచ్చి పీపీ1, పీపీ2 (ఎల్‌కేజీ, యూకేజీ లాంటివి) నడిపిన చోట కొంచెం నిలబడ్డారు.

సొంత పిల్లలు ఎక్కడంటే, పెద్దవాడు ప్రైవేటు, చిన్నది నా బడిలోనే నాలుగు.

బెజవాడ_బస్టాండు
"పెద్దవాడు ప్రైవేటు" దగ్గర బ్రేకు పడింది మేడమ్ 🙂

ఒంటరి_ఎస్జీటీ
వాడిని చేర్చినప్పుడు నా పోస్టింగ్ ఇంటికి 40 కిలోమీటర్లు. వాడు వాళ్ల నాయనమ్మ దగ్గర గుంటూరులో పెరిగాడు. ఇవన్నీ బోర్డు మీద రాసుకుని తిరగలేం కదా.

హైవే_అవతల
మా ఊరి కథ వినండి. 2022లో 117 జీవో వచ్చింది గుర్తుందా, మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని తీసుకెళ్లి హైస్కూల్లో కలిపారు. కిలోమీటరు లోపేగా అన్నారు. కిలోమీటరే, కాదనను. మధ్యలో జాతీయ రహదారి ఉంది. ఎనిమిదేళ్ల పిల్లని లారీల మధ్య ఎవరు దాటిస్తారు? ఎట్టాగూ ఇంట్లో ఒకళ్లు దింపిరావాలంటే, ఇంటి ముందుకి బస్సొచ్చే బడికే పంపుదాం అనుకున్నారు జనం. 2025లో ఆ జీవో తీసేసి తరగతులు వెనక్కిచ్చారు. తరగతులొచ్చాయి, పిల్లలు రాలేదు.

నిమ్మతోట_తెనాలి
డబ్బు సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి. అమ్మ ఒడి 2020 జనవరిలో మొదలైంది, ఇప్పుడు తల్లికి వందనం. రెండూ ప్రైవేటు పిల్లలకీ ఇచ్చారు. 15 వేలు అని పేరు, చేతికొచ్చేది 13 వేలు. మా ఊళ్లో ఆ డబ్బు పడ్డ వారంలోనే ఫీజు మొదటి కంతు కట్టించుకుంటారు. సర్కారు బడి ఖాళీ అవడానికి సర్కారు డబ్బే పెట్రోలు పోసింది.

కాలవగట్టు
అంటే పేదోడు ప్రైవేటులో చదవకూడదా? నా పన్నుతో ఇచ్చిన డబ్బు నా కొడుకు చదువుకి వాడితే మీకేంటి బాధ?

నిమ్మతోట_తెనాలి
చదవొద్దని నేనన్లా. డబ్బు రెండు చోట్లా ఒకటే అయినప్పుడు ఊరి బడిని ఎంచుకోవడానికి జనానికి కారణం ఏముంది అంటన్నా. కాదంటే చెప్పండి. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటులో ఒకటో తరగతి సీట్లు 25 శాతం కూడా ఉన్నాయి, ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, బలహీన వర్గాలకి 6, అనాథలు, దివ్యాంగుల లాంటి వాళ్లకి 5. అదీ ఊరి బడి నుంచి పోయేదే.

మోడరేటర్_కృష్ణమ్మ
పథకాల పేర్లు వచ్చాయి కాబట్టి ముందే చెప్తున్నా, పార్టీల గోల మొదలైతే థ్రెడ్ మూసేస్తా. విద్యా కానుక ఇప్పుడు విద్యార్థి మిత్ర, గోరుముద్ద ఇప్పుడు డొక్కా సీతమ్మ భోజనం. ఎవరు ఏ పేరు పెట్టారో అందరికీ తెలుసు, ఇక్కడ మళ్లీ అక్కర్లేదు.

బెజవాడ_బస్టాండు
గుడ్డు పేరు మాత్రం మారలేదు, సంతోషం.

పాత_లెక్కలు
ఎలిమెంటరీ స్కూల్ హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాడిని. నా ఇద్దరు పిల్లలూ నేను పనిచేసిన బళ్లలోనే చదివారు. అప్పట్లో ఊళ్లో వేరే బడి లేదు కాబట్టి ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

"పెర్ఫార్మెన్సు" గురించి ఒక మాట. మూడో తరగతిలో నలుగురు పిల్లలుంటే, పరీక్ష రోజు ఒకడికి జ్వరమొస్తే బడి ఫలితం 25 శాతం పడిపోతుంది. ఆ శాతం పట్టుకుని మండలం మీటింగులో నిలబెట్టి అడిగేవాళ్లు. మరుసటేడు ఆ నలుగురూ బాగా రాస్తే నూరు శాతం, శాలువా కప్పేవాళ్లు. నేనూ మారలేదు, బడీ మారలేదు, జ్వరం ఒక్కటే రాలేదు. చిన్న బడి మార్కుల పట్టికలో తెలిసేది చాలా తక్కువ. పైగా పదో తరగతికి పేపర్లో వచ్చే ఫలితం ప్రైమరీకి ఉండదు. అందుకే జనం బస్సు రంగు చూసి, బెల్టు చూసి నిర్ణయించుకుంటారు.

టీచర్ల సంగతి. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చినప్పుడే, ఎంత చిన్న బడికైనా రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలన్నారు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో కూడా 60 మంది దాకా ఇద్దరని ఉంది. అంటే మీ 17 మందికీ ఇద్దరుండాలి. అడగవలసింది ఇది.

ఇక అన్ని తరగతులూ కలిపి చెప్పడం తప్పనిసరి దరిద్రమేమీ కాదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లె బళ్లలో అదే పద్ధతిగా నడిపారు. పాఠాన్ని చిన్న కార్డులుగా విడగొట్టి, ఎవరి మెట్టు మీద వాళ్లు ముందుకు పోయేలా. దాన్ని చూసే తమిళనాడు తన బళ్లలోకి తీసుకుంది. మనకి మాత్రం పక్కింటి వైద్యం పనికిరాదు.

కాలవగట్టు
రిషి వ్యాలీ వేరు మాస్టారూ, అక్కడ వెనక పెద్ద సంస్థ ఉంది. మా ఊళ్లో బడి వెనక వేపచెట్టు కూడా లేదు.

ఒంటరి_ఎస్జీటీ
ఆ చెట్టు కావాలంటే మాది తీసుకోండి, ఫోన్‌తో సహా.

మేడికొండూరు_మిర్చి
నా కేసు అందరికంటే తేడా. మా బడిలో సంఖ్య జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో పెరిగిద్ది. కర్నూలు జిల్లా నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకాయలు కోయడానికి కుటుంబాలు కుటుంబాలే వస్తాయి. పిల్లలు వెంటే. పేర్లు అక్కడి బడిలో ఉంటాయి, మనుషులు ఇక్కడ కళ్లంలో. అక్కడ సీజనల్ హాస్టళ్లు పెడతారు గానీ చంటోడిని ఎత్తుకోవడానికి పెద్దపిల్ల కావాలిగా, దాన్ని వదిలిపెట్టి రారు. మా మాస్టారు రానిచ్చి కూర్చోబెట్టి చదువు చెప్తాడు, అన్నం పెడతాడు. యాప్‌లో మాత్రం వాళ్లు లేరు. అటేమో హాజరు లేదని అక్కడి బడికి చెడ్డపేరు, ఇటేమో ఆ పిల్లలు ఇక్కడ లెక్కే కాదు. పెర్ఫార్మెన్సు ఎవరి ఖాతాలో రాస్తారో చెప్పండి.

పాత_లెక్కలు
మీ మాస్టారికి దండం.

కాలనీ_కుర్రోడు
ఒక మాట ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. పసుపు_యార్డు అన్నా, ఆ 17 మందిలో మీ బజారు పిల్లలు ఎంతమంది? మా ఊళ్లో ముందు పొలాలున్నోళ్ల పిల్లలు పోయారు. ఆ తర్వాత బడికి "కాలనీ బడి" అని పేరొచ్చింది. పేరొచ్చాక మిగిలినోళ్లు పోయారు. అప్పుడు టీచర్లో, టైల్సో మారలా. పక్కన ఎవరు కూర్చుంటారో అదొక్కటే మారింది. చివరికి మా కాలనీ వాళ్లు కూడా, "మనమే మిగిలాం" అని, అప్పు చేసి బస్సెక్కించారు.

నేను ఆ బడిలో చదివే ఇంజినీరింగు దాకా వచ్చా. ఇప్పుడు బెంగళూరులో ఉంటా, నా కూతురు ఇక్కడ ప్రైవేటే. అడిగారు కాబట్టి రాశా.

పసుపు_యార్డు
నువ్వడిగింది నిజం తమ్ముడూ. మా బజారు నుంచి ఇద్దరు, వాళ్లూ కౌలుదారు ఇంటి పిల్లలు. మా అమ్మ "ఊళ్లో వాళ్లంతా" అన్నప్పుడు ఎవర్ని లెక్కేసుకుందో నాకు తెలుసు.

నిమ్మతోట_తెనాలి
ఇంగ్లీషు కారణం కాదా? ప్రతిదీ కులం మీదకి తోస్తే ఎట్టా.

కాలనీ_కుర్రోడు
ఇంగ్లీషు కారణమే. 2020 నుంచి సర్కారు ప్రైమరీ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు వస్తన్నాయి. మరి ఇంగ్లీషు కోసమే పోయినోళ్లు తిరిగొచ్చారా మీ ఊళ్లో?

నిమ్మతోట_తెనాలి
రాలేదు. పుస్తకంలో ఉండటం వేరు, నోట్లో ఉండటం వేరు అనుకో.

రీడింగ్_రూమ్
బెజవాడలో ఉంటా, పిల్లలు లేరు, కాబట్టి నా సలహాకి విలువ సగమే వేసుకోండి.

ప్రైవేటు మేలా, సర్కారు మేలా అన్నది మన దగ్గరే పరీక్ష పెట్టి చూశారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 ఊళ్లలో మొదలైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. సర్కారు బడి పిల్లల ఇళ్ల నుంచి దరఖాస్తులు తీసుకుని, లాటరీ వేసి, తగిలినవాళ్లకి ప్రైవేటు బడి ఖర్చు కట్టారు. రెండేళ్ల తర్వాత, నాలుగేళ్ల తర్వాత పరీక్షలు. తెలుగు, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకీ తగలని పిల్లలకీ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, సర్కారు ప్రైమరీలో హిందీ చెప్పరు మరి.

సర్కారు బడి అభిమానులు ఇక్కడ ఆపేస్తారు. నేను ఆపను. ప్రైవేటు బళ్లు తెలుగుకీ లెక్కలకీ తక్కువ టైమిచ్చి అదే ఫలితం తెచ్చాయి. పిల్లాడికి పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. కాబట్టి "ప్రైవేటు దండగ" అనీ అనలేం, "ప్రైవేటుకి పోతే చదువొచ్చేస్తుంది" అనీ అనలేం.

పసుపు_యార్డు గారు, మార్కులొద్దు, శాతాలొద్దు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పల్లె పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వేలో వాడే పద్ధతి ఉంది. ఒక కాగితం మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లల్ని విడివిడిగా కూర్చోబెట్టి చదివించండి. ఊరి బడి పిల్లల్నీ, బస్సెక్కే పిల్లల్నీ, ఇద్దర్నీ. తర్వాత మాట్లాడుకుందాం.

కాలవగట్టు
మా వాడి జోలికి రాకండి 😀

పసుపు_యార్డు
చేశా. టీచరమ్మని అడిగితే "నేనే రమ్మందామనుకుంటున్నా" అంది. బస్సు పిల్లల్ని సాయంత్రం మా అరుగు మీద కూర్చోబెట్టా, బిస్కెట్ ప్యాకెట్లు అయ్యాయి.

ఊరి బడిలో మూడు నుంచి ఐదు దాకా పదిమంది. ఆరుగురు కథ చదివారు. ఇద్దరు పేరా దగ్గర ఆగారు. ఐదో తరగతి పిల్లాడొకడు పదాలే కూడబలుక్కుంటున్నాడు, వాడు మిరప కోతలకి పోయొచ్చేవాడే. ఇంకో పిల్ల సిగ్గుతో నోరే తెరవలేదు, దాన్ని ఏ గడిలో రాయాలో తెలియలేదు. బస్సు పిల్లలు ఎనిమిది మంది. కథ దాకా వచ్చింది నలుగురు. తెలుగులో ఒత్తు రాగానే ఆగిపోతున్నారు. ఇంగ్లీషు పేరా ఇస్తే గడగడా చదివారు, "ఇందులో కుక్క ఎక్కడికి పోయింది?" అని తెలుగులో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూడికలు, తీసివేతల్లో మాత్రం వాళ్లే చురుకు.

మా ఆవిడ పక్కనే ఉండి చూసింది. ఏమీ అనలేదు. మా అమ్మ అంది, "గడగడా చదివారుగా" అని.

బెజవాడ_బస్టాండు
అమ్మ గారికి మోడరేటర్ పోస్టు ఇవ్వాలి.

కాలవగట్టు
ఎనిమిది మందీ పదిమందీ చూసి ఏం తేలుద్ది? పాత_లెక్కలు మాస్టారు ఇందాకేగా చెప్పింది చిన్న లెక్కల్లో ఏం తెలీదని.

పాత_లెక్కలు
బడులకి ర్యాంకు ఇవ్వడానికి పనికిరాదు. ఆ పదాల దగ్గర ఆగిన పిల్లాడికి రేపు ఏం చెప్పాలో తెలియడానికి పనికొస్తుంది. 2021లో వచ్చిన కేంద్ర పథకం నిపుణ్ భారత్ చెప్పేదీ ఇదే, మూడో తరగతి అయ్యేసరికి చదవడం, లెక్క రావాలి అని. ఐదుకొచ్చినవాడు అక్కడే ఉన్నాడంటే మధ్యలో ఎవరూ ఆగి చూడలేదు. ఒక్క టీచరుకి ఆగే తీరిక ఎక్కడిది?

ఒంటరి_ఎస్జీటీ
రెండో టీచర్ గురించి. చట్టం మాట మాస్టారు చెప్పారు. కింద మాకు ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో చెప్పేది, 20 లోపుంటే ఒకే ఎస్జీటీ (ప్రైమరీ టీచరు), దాటితే రెండో పోస్టు అని. మీకు 17. నలుగురు చాలు.

నిమ్మతోట_తెనాలి
2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులన్నారు. అందులో ఒకటి ఈ ఊరికి రావడానికి నలుగురు పిల్లలు కావాలా. బానే ఉంది.

పసుపు_యార్డు
నలుగురి కోసం అంగన్‌వాడీ ఆవిడతో కూర్చుని రిజిస్టర్ చూశా. ఊరంతటికీ ఐదేళ్ల లోపు పిల్లలు 31 మంది. అంటే ఏడాదికి ఆరుగురు. బస్సులన్నీ ఆపేసి అందర్నీ బడిలో కూర్చోబెట్టినా ఐదు క్లాసులకి ముప్పై మంది. మా రోజుల సంఖ్య ఇక రాదు, ఎవర్ని తిట్టుకున్నా.

రీడింగ్_రూమ్
2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ప్రైవేటు బడి లేకపోయినా సంఖ్య తగ్గేదే. తగ్గిన సంఖ్యని చూపించి బడి బాగోలేదనడం, ఆ మాటతో ఇంకా తగ్గడం, ఇదే జరుగుతోంది.

బెజవాడ_బస్టాండు
ఇద్దరికి మించి పిల్లలున్నా పంచాయతీకి పోటీ చేయొచ్చని 2024లో చట్టం మార్చారుగా. పసుపు_యార్డు అన్నా, ఆ నాలుగో పిల్లాడి కోసం బయట తిరగడమెందుకు.

పసుపు_యార్డు
ఈ థ్రెడ్ మా ఆవిడ కూడా చదువుతోంది, జాగ్రత్త.

ఇంట్లో మాట ఇంతవరకు వచ్చింది. రెండో తరగతి దాకా ఊరి బడి, ఆలోగా రెండో టీచర్ రాకపోతే బస్సు. సాయంత్రం ఇంగ్లీషు మా ఆవిడ చెప్పుద్ది, డిగ్రీ చదివింది. నిన్న నాలుగిళ్లకి ఇద్దరం కలిసే వెళ్లాం. ఒకళ్లు సరే అన్నారు, కౌలు చేసే వాళ్ల చెల్లెలి ఇల్లు. ఇంకొకళ్లు "మీ పాప నిజంగా చేరాక చూస్తాం" అన్నారు. మూడో ఆయన బావమరిదిని అడిగి చెప్తానన్నాడు.

కాలనీ_కుర్రోడు
నాలుగో ఇల్లు?

పసుపు_యార్డు
తలుపు తీయలేదు. లోపల టీవీ మోగుతంది.

కాలవగట్టు
బావమరిదిని అడగడమెందుకు మధ్యలో?

పసుపు_యార్డు
బస్సు నడిపేది ఆయనే.

బెజవాడ_బస్టాండు
అయితే ఆ ఓటు పోయినట్టే.

ఒంటరి_ఎస్జీటీ
నోటి మాట చాలదు, జూన్‌కి మారిపోతారు. ఆధార్, పుట్టిన సర్టిఫికెట్ జిరాక్సులు ఇప్పుడే మీ టీచరమ్మకి ఇప్పించండి. అవి లేకపోయినా చేర్చుకోనని అనకూడదు, కానీ ఆన్‌లైన్లో పేరు ఎక్కితేనే ఎంఈవో ఆఫీసులో లెక్క. ఆ ఇళ్లలో ఎల్‌కేజీ, యూకేజీ చదివిన పిల్లలుంటే ఇంకో తిరకాసు ఉంది. ప్రైవేటు వాళ్లు యూడైస్‌లో (బడి పిల్లల వివరాలుండే ఆన్‌లైన్ జాబితా) పిల్లని డ్రాప్‌బాక్సులోకి వదలాలి, అంటే తమ బడి లెక్కలోంచి తీసేయాలి. ఫీజు బాకీ ఉందని వదలకుండా తిప్పుతారు. టీసీ ఆలస్యమైందని చేరిక ఆపకూడదని చట్టంలోనే ఉంది, అది చూపించి ముందు కూర్చోబెట్టేయండి. బాకీ ఎంతుందో మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

పసుపు_యార్డు
సరే అన్న వాళ్లకే బాకీ ఉందంట మేడమ్, ఆరు వేలు. ఏం చేయాలో సాయంత్రం కూర్చుని చూస్తాం.